"చేంజ్ ఉందా?" అంటే ఏం అడిగినట్టు?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఆయన పోయాక రెండేళ్లుగా బెంగళూరులో, హూడీ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. నాకు 58 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. నా బాధంతా ఒక్క మాటతోనే. చేంజ్. మొన్న జయనగర్‌లో మా ఆడపడుచు ఇంటికి ఒక్కదాన్నే మెట్రోలో పోదామని బయల్దేరాను. స్టేషన్లో సెక్యూరిటీ అబ్బాయిని దారి అడిగితే "మెజెస్టిక్, చేంజ్" అన్నాడు. చిల్లర అడుగుతున్నాడనుకుని పర్సు తీసి పది రూపాయల బిళ్లలు ఇవ్వబోయాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. అక్కడి నుంచే ఇంటికి తిరిగొచ్చేశాను. ఇంకోసారి మనవరాలి ప్లే స్కూలు నుంచి "ఎ చేంజ్ ఆఫ్ క్లోత్స్" పంపమని చీటీ వచ్చింది. వేసిన గౌను మార్చమన్నారేమోనని వేరే గౌను వేసి పంపాను. ఆరోజు పిల్ల ఒంటి మీద నీళ్లు ఒలకబోసుకుని సాయంత్రం దాకా తడిగౌనుతోనే ఉందంట. కోడలు ఒక్క మాట అనలేదు. నాకే రాత్రి నిద్ర పట్టలేదు. మా వాడేమో "అమ్మా, నువ్వు కొంచెం చేంజ్ అవ్వాలి" అంటాడు. ఒక మాటకు ఇన్ని అర్థాలు ఏంటికి? ఈ వయసులో నాకు వచ్చేదేనా ఇది?

జవాబు:

అమ్మా,

ముందు ఆ తడిగౌను సంగతి తేల్చుకుందాం. మీ మనసులో ఎక్కువ గుచ్చుకుంటున్నది అదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. "ఎ చేంజ్ ఆఫ్ క్లోత్స్" అంటే మార్చుకోవడానికి ఇంకో జత బట్టలు. ఊరికి బయల్దేరేటప్పుడు పిల్లలతో "ఒక జత ఎక్కువ పెట్టుకోండి" అంటాం చూడండి, అదే. ఆ చీటీలోని మాటలన్నీ మీకు విడివిడిగా తెలిసినవే. చేంజ్ అంటే మార్చడమనీ తెలుసు, క్లోత్స్ అంటే బట్టలనీ తెలుసు. తెలిసిన మాటలే కలిసి వేరే అర్థం ఇచ్చినప్పుడు ఎవరైనా తడబడతారు. పాతికేళ్లు ఆఫీసులో ఇంగ్లీషుతో పనిచేసినవాళ్లు కూడా తడబడతారు. పైగా మీరు చీటీని పక్కన పడేయలేదు. చదివి, అర్థమైనంతలో దాని ప్రకారం చేశారు. ఇకమీదట పిల్ల బ్యాగులో ఒక గౌను, ఒక నిక్కరు, చిన్న తువ్వాలు కవర్లో చుట్టి ఎప్పుడూ ఉంచండి. స్కూలువాళ్లు అడిగినా అడగకపోయినా పనికొస్తాయి.

ఇక మీ అసలు ప్రశ్న. ఒక మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు?

ఈ మాట ఇంగ్లీషులో పుట్టినది కాదు. సుమారు 800 ఏళ్ల కిందట ఫ్రెంచివాళ్ల దగ్గరి నుంచి వచ్చింది. వాళ్లకు లాటిన్ నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాట "కాంబియారే". దాని అర్థం ఒకటిచ్చి ఇంకొకటి పుచ్చుకోవడం. సంతలో వడ్లు పోసి ఉప్పు తెచ్చుకోవడం లాంటిదన్నమాట. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా అర్థాలు చాలావరకు దారిలోకి వస్తాయి. ఒంటి మీది చీర విప్పి ఇంకోటి కట్టుకోవడం, ఈ రైలు దిగి ఆ రైలు ఎక్కడం, ఐదొందల నోటిచ్చి ఐదు వంద నోట్లు తీసుకోవడం, అన్నీ ఒకటి పోయి దాని చోట ఇంకొకటి రావడమే. లండన్‌లో వర్తకులంతా కలిసి బేరాలాడుకునే రాయల్ ఎక్స్ఛేంజ్‌ను 1571లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. జనం నోళ్లలో అది ఉత్త "చేంజ్" అయిపోయింది. పాత టీవీ ఇచ్చి కొత్తది తీసుకునే ఎక్స్ఛేంజ్ ఆఫరు గురించి మీరు వినే ఉంటారు. ఆ మాటలో మిగిలింది కూడా ఈ పాత అర్థమే.

ఇంత దూరం పోకుండా మన వంటింట్లోనే చూద్దాం. మీకు "మారు" అనే మాట తెలుసు. భోజనాల దగ్గర "మారు వడ్డించుకోండి" అంటాం. "ఇంకోమారు చెప్పు" అంటాం. మారుపేరు వేరు, మారుమాట వేరు. మారువేషం ఒకటి, మారుబేరం ఒకటి. మారుటితల్లి అంటే ఎవరో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. కొండల్లో అరిస్తే మారుమోగుతుంది. ఇన్ని అర్థాల్లో మీరు ఏనాడైనా పొరపడ్డారా? విస్తరి ముందు కూర్చున్న మనిషి "మారు" అంటే అన్నం గిన్నె పట్టుకుంటారు గానీ, ఆయన వేషం మార్చుకోబోతున్నాడని అనుకోరు. ఆ పని మీరు ఆలోచించకుండానే చేసేస్తున్నారు. ఎందుకంటే ఆ మాట ఎక్కడ, ఎవరి నోట వచ్చిందో ముందు చూస్తున్నారు, అర్థం తర్వాత వెతుక్కుంటున్నారు. చేంజ్ విషయంలో మాత్రం ముందే ఒక అర్థం చేతిలో పట్టుకుని బయల్దేరుతున్నారు. ఈ వయసులో వస్తుందా అని అడిగారు. మారుతో మీకు యాభై ఏళ్ల అలవాటుంది. చేంజ్‌తో పరిచయం రెండేళ్లే. అంతే తేడా.

"చేంజ్ ఉందా?" అన్న చిన్న ప్రశ్ననే తీసుకోండి. కూరగాయల బండి దగ్గర అడిగితే చిల్లర ఉందా అని. అదే మాట డాక్టరుగారు "మందులు వాడాక ఏమైనా చేంజ్ ఉందా?" అని అడిగితే, ఒంట్లో గుణం కనిపించిందా అని. చీరల కొట్లో చేతిలోని చీర చూపించి మీరు అడిగితే, ఇదే రకంలో వేరే రంగు ఉందా అని. మాటల్లో అక్షరం తేడా లేదు. ఎదుటి మనిషి చేతిలో ఏముందో చూడండి. నోటుందా, మందుల చీటీ ఉందా, చీర ఉందా. సగం అర్థం అక్కడే దొరుకుతుంది. ఆ సెక్యూరిటీ అబ్బాయి చేతిలో డబ్బు లేదు, అతను కూర్చున్నది టికెట్ కౌంటర్లోనూ కాదు. పైగా చేంజ్ కంటే ముందు ఊళ్లో ఒక చోటు పేరు చెప్పాడు. మెజెస్టిక్, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్. చోటు పేరు పక్కన చేంజ్ వస్తే అది బండి మారడమే. బస్సయినా, మెట్రో అయినా, విమానమైనా ఇంతే.

డబ్బు అర్థం దగ్గర కొంచెం ఆగుదాం. ఇందులో రెండు ముక్కలున్నాయి. ఇంగ్లీషువాళ్లు రెండింటినీ చేంజ్ అనే అంటారు. పెద్ద నోటుకు సరిపడా చిన్న నోట్లు, బిళ్లలు ఇవ్వడం ఒకటి. మనం సామాను కొన్నాక మనకు రావాల్సిన మిగతా డబ్బు ఇంకొకటి. "హియర్ ఈజ్ యువర్ చేంజ్" అని కౌంటర్లో పిల్ల చేయి చాపితే అది మీకు రావాల్సిన బాకీ, తీసుకోండి. "డు యు హావ్ చేంజ్?" అంటే ఆ పిల్ల మిమ్మల్ని చిల్లర అడుగుతోంది, మీరు పర్సు తీయాలి. ఒకచోట డబ్బు మీ వైపు వస్తోంది, ఇంకోచోట మీ దగ్గరి నుంచి పోవాలి.

ఈ ఊళ్లో సిటీ బస్సు ఎక్కితే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక్కి తిప్పి, మనకు రావాల్సిన మొత్తం పెన్నుతో రాసి ఇచ్చేవారు. దిగేటప్పుడు అది చూపించి అడిగి తీసుకోవాలి. ఫోన్లో డబ్బు కట్టడం వచ్చాక ఇది తగ్గింది కానీ ఇంకా పూర్తిగా పోలేదు. నా దగ్గర అలాంటి టికెట్ ఒకటి చాలా ఏళ్లు ఉండింది. వెనక నీలం సిరాతో 8 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉండేది. అడగడం మరిచిపోయి దిగేశాను. ఆ రోజుల్లో ఆ 8 రూపాయలు నాకు ఒక పూట టిఫిన్ కాబట్టి ఆ కాగితం పారేయబుద్ధి కాలేదు. మీకు టికెట్ వెనక అంకె కనిపిస్తే అది మీ డబ్బు. మొహమాటం లేకుండా అడగండి. ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. "చిల్లరె కొడి" అంటే చాలు. కన్నడంలో చిల్లరె, తమిళంలో సిల్లఱై, మనకు చిల్లర. దక్షిణాదిలో ఎక్కడికెళ్లినా చెల్లే మాట మీ నోట్లోనే ఉంది.

చిల్లర లెక్కే ఎంత మారిందో మీ అమ్మగారిని చూసినవారు కాబట్టి మీకు తెలుసు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చింది. నాలుగణాలు 25 పైసలయ్యాయి, కానీ మనం దాన్ని పావలా అనడం మానలేదు. 2011 జూన్ నెలాఖరుతో ఆ 25 పైసల బిళ్ల కూడా చెల్లకుండా పోయింది. అయినా "పావలా వంతు" అనే మాట పల్లెల్లో ఇంకా వింటూనే ఉంటాం. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు బ్యాంకుల ముందు లైన్లలో నిలబడి నోట్లు మార్చుకున్నాం. అక్కడ "మార్చుకోవడం" అంటే పాతవి ఇచ్చి కొత్తవి తీసుకోవడం. చూశారా, ఇచ్చి పుచ్చుకోవడమనే అర్థం మన "మార్చు"లో కూడా ఉంది. విదేశీ డబ్బు విలువను మన పేపర్లవాళ్లు మారకపు విలువ అని రాసేది కూడా అందుకే.

కన్నడం ఎత్తాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా నాన్న మొదటిసారి బెంగళూరు వచ్చినప్పుడు ఒక ఖాళీ స్థలం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది చదివారు. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి కూడబలుక్కుంటే వచ్చేస్తుంది. "ఈ స్వత్తు మారాటక్కిల్ల." ఆయన కాసేపు నిలబడి, "ఇది మారదు అని ఎందుకు రాసుకున్నారమ్మా?" అని అడిగారు. కన్నడంలో మారు అంటే అమ్మడం. ఈ ఆస్తి అమ్మకానికి లేదు అని ఆ రాత. మన మారు, కన్నడం మారు, తమిళం మాఱు, మూడూ ఒకే వేరు నుంచి వచ్చినవని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. పాత తెలుగు పుస్తకాల్లో మనది కూడా బండి ఱతోనే ఉంటుంది. తమిళంలో, తెలుగులో అది మారడం వైపు నిలబడింది, కన్నడంలో అమ్మడం వైపు వెళ్లింది. లాటిన్‌లో ఉన్న బేరం వాసన మన పక్కింటి మాటలో కూడా ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఇప్పుడు మీరు హూడీలో నడుస్తూ "మారాటక్కిదె" అనే బోర్డు చూస్తే, అక్కడ ఏదో అమ్మకానికి ఉందని అర్థం.

తెలుగుకు ఉన్న ఒక సౌకర్యం ఇంగ్లీషుకు లేదు. అది మీకు బాగా పనికొస్తుంది. మనకు మూడు క్రియలున్నాయి. దానంతట అది అయితే "మారింది". మనం పనిగట్టుకుని చేస్తే "మార్చాను". మన కోసం మనం చేసుకుంటే "మార్చుకున్నాను". రంగు మారింది, బల్బు మార్చాను, చీర మార్చుకున్నాను. ఇంగ్లీషు ఈ మూడింటికీ చేంజ్ అనే ఊరుకుంటుంది. మనవాళ్లు ఆ మాటను తెచ్చుకున్నా మన మూడు తోకలూ తగిలించారు. చేంజ్ అయింది, చేంజ్ చేశాను, చేంజ్ చేసుకున్నాను. మీ కోడలు ఆఫీసు నుంచి వచ్చి "చేంజ్ అయి వస్తానత్తయ్యా" అంటే బట్టలు మార్చుకుని వస్తానని. ఇంగ్లీషులో "ఐ విల్ చేంజ్" అన్నా చాలాసార్లు ఇదే అర్థం. పేరంటానికి బయల్దేరే ముందు ఎవరైనా మీతో "యు నీడ్ టు చేంజ్" అంటే ఇంట్లో కట్టుకున్న చీర మార్చుకోమని చెప్పడమే, స్వభావం గురించి కాదు. "చేంజ్ ద బేబీ" అని విని కంగారు పడకండి, పాపకు డైపర్ మార్చమని. కాబట్టి ఇంగ్లీషులో చేంజ్ విన్నప్పుడల్లా దాన్ని మనసులో తెలుగులోకి దించండి. మారిందా, మార్చాలా, మార్చుకోవాలా? మూడింట్లో ఏదీ కుదరకపోతే చిల్లర. దాదాపు ఎప్పుడూ తప్పు పోదు.

చదివేటప్పుడు పనికొచ్చే గుర్తు ఇంకొకటి. రైలు మారాలంటే ఇంగ్లీషువాళ్లు "చేంజ్ ట్రైన్స్" అంటారు, రైళ్లు అని బహువచనంలో. చేంజ్ సీట్స్, చేంజ్ జాబ్స్, చేంజ్ హ్యాండ్స్ కూడా అంతే. దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి, రెండు లెక్కలోకి వస్తాయి కాబట్టి చివర ఆ "స్". చేంజ్ హ్యాండ్స్ అంటే ఇల్లో పొలమో చేతులు మారడం. దీనికి మన తెలుగు పలుకుబడి అచ్చంగా సరిపోతుంది. "చేంజ్ ఆఫ్ హార్ట్" అని ఎక్కడైనా చదివితే గుండె ఆపరేషన్ అనుకోవద్దు, మనసు మారిందని.

రేషను, ఆధార్ పనుల్లో "చేంజ్ ఆఫ్ అడ్రస్" వస్తుంది, చిరునామా మార్పు. ఇది మీకు మాటగానే కాదు, పనిగా కూడా అవసరం. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఏసీ లేని మామూలు ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీరు ఇక్కడే ఉండిపోయేట్టయితే అబ్బాయికి చెప్పి ఆధార్‌లో ఆ మార్పు చేయించుకోండి. ఊళ్లో పింఛను లాంటివి వస్తుంటే వాటికి ఇబ్బంది రాదా అని ముందు కనుక్కుని ఆ పని చేయండి.

మీవాడి మాట గురించి చివర్లో చెబుదామని ఉంచాను. "నువ్వు కొంచెం చేంజ్ అవ్వాలి" అన్నాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ మాటలో ఏది మారాలో లేదు. ఆ లోటు వల్లే వినేవాళ్లకు నొప్పి. ఏది అని లేనప్పుడు మొత్తం మనిషే బాగాలేదన్నట్టు వినిపిస్తుంది. మీవాడు ఆ ఉద్దేశంతో అని ఉండడు. బహుశా అమ్మ ఇంట్లో ఒక్కతే కూర్చుని దిగులు పడుతోందని, నలుగురిలో తిరగాలని అతని కోరిక. కానీ నేను ఊహించడం కంటే మీరు అడగడం మంచిది. తీరిగ్గా ఉన్నప్పుడు, భోజనాలయ్యాక, "ఏం మార్చుకోమంటావు నాయనా? ఒక్కటి చెప్పు, పేరు పెట్టి చెప్పు" అనండి. ఒక్కతే మెట్రోలో వెళ్లడమో, ఫోన్లో డబ్బు కట్టడమో చెబితే, "సరే, ఆదివారం అరగంట కూర్చుని నేర్పించు" అని మీరూ అడగండి. మాట మూలంలోనే ఇచ్చి పుచ్చుకోవడం ఉంది. ఊరు, ఇల్లు, వాకిలి, మాట్లాడుకునే ఇరుగుపొరుగు, ఇన్ని వదిలి మీరు ఇక్కడికి వచ్చారు. మీవైపు నుంచి ఇవ్వాల్సింది ఎప్పుడో మొదలైంది. అతని వైపు నుంచి ఆ అరగంట రావాలి. పేరు పెట్టి చెప్పలేకపోతే మాత్రం ఆ మాట మనసులో పెట్టుకోకండి.

వెనక నవ్విన వాళ్ల గురించి నేనేమీ రాయను. వాళ్ల కోసం కాదు కదా మీరు జయనగర్ బయల్దేరింది.

మళ్లీ బయల్దేరండి. పొద్దున పదకొండు తర్వాత అయితే రద్దీ కాస్త తక్కువ. హూడీలో టోకెన్ కొనేటప్పుడే "జయనగర్" అని చెప్పండి, మొత్తం దూరానికి ఒకే టోకెన్ ఇస్తారు. మధ్యలో మళ్లీ కొనే పని లేదు. హూడీలో ఎక్కేది ఊదారంగు లైను. మెజెస్టిక్ వస్తోందని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చెబుతారు, కెంపేగౌడ పేరు కూడా వినిపిస్తుంది. అక్కడ దిగండి. బయటికి పోయే గేటు వైపు వెళ్లకుండా ఆకుపచ్చ లైను బోర్డు వెంట నడవండి. ప్లాట్‌ఫారం మీద సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్లే రైలు ఏదో అడిగి ఎక్కండి. చిక్‌పేట, మార్కెట్, లాల్‌బాగ్ దాటాక జయనగర్ వస్తుంది. టోకెన్ అక్కడ బయటికి వచ్చేటప్పుడు గేట్లో వేస్తారు, అందాకా కొంగున ముడేసుకోండి. దారిలో ఎవరైనా "మెజెస్టిక్, చేంజ్" అంటే తల ఊపి ముందుకు నడవండి. పర్సు తీయక్కర్లేదు.